దుర్భిణి రెప్ప

మా ఆయన ఓరిన్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపించామా, అది 1840 తర్వాత మొలిచింది, చెల్లదంటాడు. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

1840 అనేది మా మకాం గీసుకున్న గీత. ఏటా జులైలో మోంటానా నలుమూలల నుంచి మాలాంటి పిచ్చివాళ్లం రెండొందల మందిమి ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని, బీవర్ అనే ఏటి జంతువు తోళ్లతో వర్తకం చేసిన నాటి మనుషుల్లా పది రోజులు బతుకుతాం. ఆ ఏడాది తర్వాత పుట్టిన వస్తువేదీ ఎవరి కంటా పడకూడదు. ప్లాస్టిక్ సీసా దొరికితే ఒక పూట కట్టెలు కొట్టాలి. జిప్పు దొరికితే రెండు పూటలు. ఇళ్లకు పోయాక మళ్లీ మామూలే. నేను స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను, ఆయన వడ్రంగం చేసేవాడు.

మా కొండల్లో కొండపొట్టేలును వేటాడాలంటే సర్కారు వేసే లాటరీలో పేరు రావాలి. చాలామంది పేరు రాకుండానే కాలం చేస్తారు. ఓరిన్ ఇరవై నాలుగేళ్లు వరసగా దరఖాస్తు పెట్టాడు. ప్రతి జూన్‌లోనూ ఉత్తరం చదివి, మడిచి, షెడ్డులోకి పోయి ఏదో ఒక చెక్కను చిత్రిక పట్టేవాడు. ఈ జూన్‌లో వచ్చిన ఉత్తరాన్ని మాత్రం నా చేతికిచ్చి "నువ్వే చదువు" అన్నాడు. పేరు వచ్చింది. డెబ్బై ఒకటో ఏట వచ్చింది. ఇక ఇదే మొదలు, ఇదే చివర.

జులైలో మకాం మొత్తం ఎదుట నిలబడి ఒట్టు పెట్టాడు. చెకుముకి తుపాకీ, ఇత్తడి దుర్భిణి, ఈ రెండే పట్టుకుని కొండెక్కుతానన్నాడు. జనం టోపీలు ఎగరేశారు. నేను ఎగరేయలేదు. ఇంట్లో మూడొందల డాలర్ల బైనాక్యులర్ ఉండగా ఈ ఇత్తడి గొట్టం ఎందుకని నా బాధ.

గొట్టం అన్నానుగానీ, అందమైనదే. పాత నమూనా చూసి పదేళ్ల కిందట ఒకాయన చేసిచ్చాడు. ఒకదానిలో ఒకటి దూరే మూడు ఇత్తడి గొట్టాలు, పైన చేతిపట్టుకు తోలు. లాగితే సుయ్యిమని మూరెడు పొడవు సాగుతుంది. కన్ను ఆనించే చోట దుమ్ము పడకుండా గోటితో పక్కకు జరిపే చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. మేం దాన్ని రెప్ప అంటాం. దుర్భిణితో చూస్తే దూరంగా ఉన్నది దగ్గరికి రాదు. మనమే ఒళ్లు ఇక్కడ వదిలేసి లేచి అక్కడికి పోతాం. అంచుల్లో ఊదారంగు పూసిన గుండ్రటి వెలుగు గది అది. అందులోకి పోతే నాకైతే తిరిగి రాబుద్ధి కాదు.

ఇంకొక్క మాట చెప్పాలి, రెండు కళ్ల సాక్ష్యం గురించి. తొమ్మిదేళ్ల కిందట మా మకాం పెద్ద గార్త్, పొద్దున్నే మంచులో ఎల్క్ దుప్పి అనుకుని తన కంచరగాడిదనే కాల్చాడు. గుండు దాని వీపుమీది కాఫీ కెటిల్‌కు తగిలింది. గాడిదకు ఏం కాలేదు, గార్త్ పరువే పోయింది. అప్పటి నుంచి మా వాళ్లలో ఎవరు వేటకు పోయినా, కాల్చేవాడు ముందు దుర్భిణిలో చూసి ఏం కనపడుతోందో పైకి చెప్పాలి. తర్వాత పక్కవాడు చూసి చెప్పాలి. రెండూ కలిస్తేనే తుపాకీ పేలాలి.

ఆ రెండో కన్ను నేను.

సెప్టెంబరు నడిమధ్యలో గుర్రాల మీద, కొండపై చెట్లు ఆగిపోయే ఎత్తు దాకా వెళ్లి, అక్కడ చిన్న గుడారం వేసుకున్నాం. చట్టం ప్రకారం వేటగాడూ తోడువచ్చిన మనిషీ, ఇంకో వేటగాడు జంతువనుకుని కాల్చకుండా, నారింజ రంగు చొక్కాలు తొడగాలి. దుప్పితోలు బట్టల మీద ఆ ప్లాస్టిక్ చొక్కా చూసి ఓరిన్ పళ్లు నూరాడు.

"ఇది 1840లో ఉందా?" అన్నాడు.

"జైలు ఉంది. తొడుక్కో," అన్నాను.

"నువ్వు ముందు నడువు అయితే. నన్ను నేను చూసుకోను, నిన్ను చూసి నవ్వుకుంటా."

అలా రెండు రోజులూ నేనే ముందు నడిచాను. నలభై ఏళ్లలో ఆయన నన్ను ముందు నడవనివ్వడం అదే మొదలు. పోనీలే, ముసలితనంలో మర్యాద అబ్బిందని మురిసిపోయాను.

మూడో రోజు ఉదయం మొక్కజొన్న జావ వేడిచేసి గిన్నె అందించాను. ఆయన నా చెవి వైపు చూస్తూ "బాగుంది" అన్నాడు.

"నా ముఖం ఇటుంది మహానుభావా," అన్నాను. కొన్నాళ్లుగా ఆయనకు అదొక అలవాటైంది, మాట్లాడితే నా చెవితోనో భుజంతోనో మాట్లాడటం. ఏదో కోపం దాచుకున్నాడనుకుని నేనూ బిగదీసుకున్నాను.

"ముఖం ఎక్కడికి పోతుంది పిల్లా," అని గిన్నె నాకాడు. అరవై ఆరేళ్లొచ్చినా నేను పిల్లనే.

ఆ పొద్దున మబ్బు మాకు కింద ఉంది. లోయంతా పాలు పోసినట్టు నిండిపోయి, మేమున్న శిఖరమూ ఎదుటి బండల వరసా తప్ప భూమి మీద ఇంకేమీ లేనట్టుంది. చప్పుళ్లు కూడా మబ్బులో నానిపోయాయి. ఎక్కడో గుర్రం తల విదిలిస్తే ఆ చప్పుడు ఏ కాలం నుంచో వచ్చినట్టు వినిపించింది. నిజంగా 1840 కావచ్చు, ఎవరు చెప్పొచ్చారు అనిపించింది నాకు. మా ఇల్లూ, స్కూలు బస్సూ, కరెంటు బిల్లూ ఇంకా పుట్టలేదేమో.

ఒక బండ వెనక పొట్టల మీద పడుకున్నాం. ఎదుట చిన్న లోయ, దానికి అవతల నూరు గజాల దూరంలో గోధుమరంగు బండ అంచు. మంచు తెరలు తెరలుగా దాన్ని మూసి తెరుస్తోంది. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది కాబట్టి మా వాసన అటు చేరదు. ఆ అంచు మీద గోధుమరంగులోనే ఇంకేదో ముద్దగా కనబడింది. పొట్టేలా, రాయా? నేను చూద్దామని దుర్భిణి తీశాను, అంతలో ముందు ఆయన చూడాలి కదా అని గుర్తొచ్చి చేతికిచ్చాను.

"ఆ అంచు మీద చూడు. ఎడంవైపు."

ఓరిన్ గొట్టాలు లాగి, మోచెయ్యి బండకు ఆనించి, కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు చెప్పాడు.

"ఉంది. పడుకుని ఉంది. అబ్బ, ఏం కొమ్ములు పిల్లా! నిండు చుట్టు తిరిగాయి. ఎడమ కొమ్ము కొస అరిగిపోయింది, పోట్లాటల్లో. ఛాతీ మీద తెల్లమచ్చ. తల అటు తిప్పి ఎండ కోసం చూస్తోంది. పన్నెండేళ్లుంటాయి దీనికి." గొట్టం దించకుండానే అన్నాడు, "ఇరవై నాలుగేళ్లు..."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుర్భిణి నా చేతికిచ్చాడు. ఇక రెండో సాక్ష్యం నాది. కంటికి ఆనించాను. చీకటి.

రెప్ప మూసి ఉంది.

దుమ్ము పడకుండా రాత్రి నేనే మూశాను. ఆయన తెరవలేదు. మూసిన రెప్ప లోంచి కొమ్ము కొస అరగడం చూశాడు, తెల్లమచ్చ చూశాడు, పన్నెండేళ్లు లెక్కగట్టాడు.

ముందు కోపం నషాళానికి అంటింది. నాతోనే నాటకమా అని. ఆ వెంటనే ఒక్కొక్కటీ వరస కట్టాయి. ఉత్తరం నువ్వే చదువు అన్నాడు. వసంతకాలం నుంచి పికప్ తోలడం మానేసి "గుర్రమే మనిషికి అసలైన బండి" అన్నాడు. షెడ్డులో కొలబద్ద పక్కనపెట్టి వేళ్లతో తడిమి చెక్క కొలిచాడు. కాఫీ కప్పు నిండి పొర్లితే "పాతకాలం కప్పులు చిన్నవి" అన్నాడు. మెట్టు దిగేముందు కాలితో వెతికాడు. అన్నిటికీ 1840 అనేవాడు. ఆయన చాదస్తం నాకు తెలిసిందే కాబట్టి నేనూ నమ్మాను. కళ్లు పోతున్న మనిషి దాక్కోవడానికి మా మకాంను మించిన చోటు ఇంకెక్కడుంది? అక్కడ అందరూ తడుముకునే బతుకుతారు. ఒక్క మాట చెప్పి ఉండకూడదా నాకు?

గోటితో రెప్ప జరిపాను. ఆయనకు వినపడకుండా జరిపాను. వెలుగు గది తెరుచుకుంది. అంచు మీద ఉన్నది రాయి. పొట్టేలంత రాయి, పైన కాస్త నాచు. అంతే.

"చెప్పు," అన్నాడు ఓరిన్. "నీకేం కనిపిస్తోంది?"

నేను బతుకులో ఒడ్డున పడేసే అబద్ధాలు చాలా ఆడాను, స్కూలు బస్సు నడిపినవాళ్లకు తప్పదు. కానీ సాక్ష్యం తప్పడం అదే మొదలు. లేదు అన్నానంటే ఇరవై నాలుగేళ్లూ అక్కడికక్కడే కూలిపోతాయి. ఉంది అంటే ఏం పోతుంది? రాయిని కాలుస్తాడు. గుండు రాయికి తగులుతుంది. పొట్టేలు పారిపోయిందంటాను. కాల్చానుగానీ తప్పిందని మకాంలో చెప్పుకుంటాడు. తప్పినవాడిని ఎవరూ గుడ్డివాడనరు.

"ఉంది," అన్నాను. "నువ్వు చెప్పినట్టే ఉంది."

ఆయన చిరునవ్వు నవ్వాడు. కొమ్ము బుర్ర నుంచి తుపాకీ పక్కనుండే చిన్న పళ్లెంలో చిటికెడు తుపాకీమందు పోశాడు. చెకుముకి రాయి బిగించిన కొక్కెం వెనక్కి లాగితే రెండుసార్లు టక్కుమంది. తుపాకీ గొట్టం బండ మీద ఆనించి, చెంప కర్రకు పెట్టుకున్నాడు.

"ఏం చేస్తోందో చెప్తూ ఉండు. లేచి పక్కకు తిరగాలి. అప్పుడే కాలుస్తా."

చెప్పాను. దుర్భిణిలోకి చూస్తూ, రాయిని చూస్తూ, పొట్టేలును చెప్పాను. మంచు ఆ రాయి చుట్టూ మెల్లగా తిరుగుతోంది, చెబుతుంటే నాకే కనిపించసాగింది. "లేచింది ఓరిన్. మెల్లగా లేచింది, తొందరేం లేదన్నట్టు. రాజులా నిలబడింది. ఎండ కొమ్ముల మీద పడి తేనెరంగులో మెరుస్తోంది. లోయంతా తనదే అన్నట్టు చూస్తోంది. ఊపిరి వదిలితే ఆవిరి వస్తోంది..." ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆయన ఊపిరి నా ఊపిరితో కలిసింది. ఆ కాసేపూ మేమిద్దరం ఒకే కల కంటున్నాం, ఆ కలకు దారి చూపేదాన్ని నేను. ఇన్నేళ్ల కాపురంలో అంత దగ్గరగా ఎప్పుడూ లేమనిపించింది. నిజం చెప్పాలంటే నాకు ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు రాయి వెనక నుంచి పొట్టేలు వచ్చింది.

నిజం పొట్టేలు. వెలుగు గది మధ్యలోకి నడిచి వచ్చి నిలబడింది. దాని కొమ్ములు ఒకటి పైకి, ఒకటి పక్కకు వంకరగా ఉన్నాయి. ముక్కు కారుతోంది. మూతి నాక్కుని, వెనక్కి జరిగి, రాయికి పిర్ర ఆనించి గోక్కోవడం మొదలుపెట్టింది.

నా నోట మాట ఆగిపోయింది. ఓరిన్ వేలు మీట మీద ఉంది. ఇప్పుడు కాలిస్తే అది రాయి కాదు. గుడ్డిగుండు పొట్టలోనో కాలిలోనో తగిలితే ఆ జీవి ఏ లోయలోనో మూడు రోజులు పడి చస్తుంది. ఆపమని చెబితే నా అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే?

"ఆగిపోయావేం?" అన్నాడు. "ఏం చేస్తోంది?"

"గో... గోక్కుంటోంది," అన్నాను. నోటికి అదే వచ్చింది. "రాయికేసి పిర్ర గోక్కుంటోంది. చీమిడి కారుతోంది దానికి. తుమ్మింది కూడా. ఒక కొమ్ము ఆకాశంలోకి, ఇంకొకటి పక్కూర్లోకి..."

ఓరిన్ బొటనవేలితో కొక్కెం పట్టుకుని, మెల్లగా, చప్పుడు లేకుండా కిందికి దించాడు. తుపాకీ పక్కన పెట్టాడు.

"ఇప్పుడొచ్చింది కదూ," అన్నాడు. "నిజంది."

దుర్భిణి దించి ఆయన వైపు తిరిగాను.

"ఇందాకటిది రాజులా నిలబడింది. తేనెరంగట, ఆవిరట. అది నాది పిల్లా, ఇరవై నాలుగేళ్లుగా నేను మకాంలో అందరికీ చెబుతున్నది. మళ్లీ నాకే అప్పజెప్పావు. కలలోని పొట్టేళ్లు పిర్ర గోక్కోవు."

"నీకు తెలుసా? ముందే తెలుసా?"

"లేదని తెలియదు. ఉందనీ తెలియదు. నువ్వు ఉందంటే ఉందనుకున్నా."

"దుర్భిణి రెప్ప మూసి ఉంది ఓరిన్," అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను. "నువ్వు చూసినప్పుడు మూసే ఉంది."

"అలాగా," అన్నాడు. "గొట్టంలోంచి చూస్తే తెరిచినా మూసినా నాకొకటే కదా, తేడా తెలియలేదు."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, ఉప్పు తక్కువైందన్నట్టు. నాకే ఏడుపొచ్చింది. పొట్టేలుకు వినపడుతుందని చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకున్నాను.

గుసగుసగా చెప్పాడు. ఫిబ్రవరిలో తుపాకీ బాగుచేయించుకొస్తానని బిల్లింగ్స్ పట్నం వెళ్లినప్పుడు పక్కింటాయన తోడు రాగా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట. చూపు నడిమధ్యలో మసక చేరింది, అది పెరుగుతుందేగానీ తగ్గదందట డాక్టరమ్మ. చెబుదామనుకునేలోపు జూన్‌లో ఉత్తరం వచ్చింది. చెబితే నేను కొండెక్కనివ్వనని చెప్పలేదు. అది నిజమే, ఎక్కనిచ్చేదాన్ని కాదు.

"మరి కొండెలా ఎక్కావు, మహానుభావా? ఎక్కడైనా జారిపడి ఉంటే?"

"నీ చొక్కా ఉందిగా ముందు. ఆ దిక్కుమాలిన నారింజ రంగు ఒక్కటే నాకు బాగా ఆనుతుంది. దాని వెంటే వచ్చా."

రెండు రోజులు తిట్టిపోసిన చొక్కా అది. మర్యాద అబ్బిందని మురిసిన నా మొహం తగలెయ్య.

అవతల పొట్టేలు గోకుడు ముగించి, నింపాదిగా గడ్డి కొరుకుతోంది. పక్కకు తిరిగి నిలబడింది. ఇంతకన్నా మంచి అదను ఏ వేటగాడికీ దొరకదు. నా ఏడుపు మింగి అన్నాను, "కావాలంటే నేను గురి చెబుతా. కాస్త కుడికి, కాస్త కిందికి అని. నూరు గజాలే కదా. మళ్లీ రాదు ఓరిన్, ఈ అవకాశం."

ఆయన చెయ్యి తుపాకీ మీదికి పోయింది. ఆ చెక్క ఆయన చేత్తో చెక్కిందే. దాన్ని ఒకసారి నిమిరాడు. ఆశ పడ్డాడు, నాకు కనిపించింది. తర్వాత చెయ్యి తీసేశాడు.

"రెండు కళ్ల సాక్ష్యం కావాలి పిల్లా. మన దగ్గర ఒకటే ఉంది."

"మకాంలో ఏం చెబుదాం?"

"ఉన్నదే చెబుదాం. గార్త్ సంతోషిస్తాడు, గాడిద సంగతి మర్చిపోయి నా సంగతి ఎత్తుకుంటారు అందరూ." నవ్వాడు. నవ్వు ఆగాక అన్నాడు, "వెళ్లిపోయిందా?"

"లేదు. మేస్తోంది."

"అయితే చెప్పు. రాజులా వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. చెవికి చిన్న చీలిక ఉందని చెప్పాను. మోకాళ్ల మీద వెంట్రుకలు రాలిపోయి గుండుగా ఉన్నాయని, గడ్డి నములుతూ మధ్యలో మరిచిపోయినట్టు ఆగిపోతుందని, తోక మరీ చిన్నదని చెప్పాను. మబ్బు లోయలోంచి లేచి వచ్చి ముందు దాని కాళ్లను, తర్వాత పొట్టను, చివరికి కొమ్ములను తనలోకి తీసుకునేదాకా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ముఖం ఎంత తేటగా ఉందంటే, లాటరీ ఉత్తరం వచ్చిన రోజు కూడా అంత తేటగా లేదు.

"పోయింది," అన్నాను.

దుర్భిణి గొట్టాలు ఒకదానిలోకి ఒకటి తోసేశాను. అలవాటు కొద్దీ గోరు రెప్ప మీదికి పోయింది. మూయబుద్ధి కాలేదు, అలాగే సంచిలో పెట్టాను.

ఓరిన్ కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు. ఎప్పటిలాగే నా ముఖం వదిలేసి, నా చెవి వైపు చూశాడు. ముఖం ఇటుందని అనబోయి ఆగాను. నడిమధ్యన మసక ఉన్నవాడు దేన్నైనా చూడాలంటే దాని పక్కకే కదా చూడాలి. ఇన్నాళ్లుగా ఆయన నా ముఖం చూడటం మానేశాడని నేను అలిగిన ప్రతిసారీ, ఆయన నన్నే చూస్తున్నాడు.

కదలకుండా కూర్చున్నాను. తనివితీరా చూడనిచ్చాను.